ఒకే లాభం, రెండు లెక్కలు: ఆత్రేయపురం పూతరేకుల కొట్టు ఉదాహరణ

ఆషాఢ మాసం. పెళ్ళిళ్ళు లేవు, పండుగ బేరాలు లేవు. ఆత్రేయపురంలోని ఒక పూతరేకుల కొట్టుకు హైదరాబాదు మిఠాయి వర్తకుని వద్దనుంచి కబురు వస్తుంది. వెయ్యి పెట్టెలు కావాలి, పెట్టెకు 160 రూపాయలిస్తాడు, సరుకు తన బండిలోనే తీసుకుపోతాడు. కొట్టులో చిల్లర ధర 200. షావుకారు గుమాస్తాను అడిగితే, అతడు పోయిన నెల లాభనష్టాల ఖాతా తిరగేసి, "అన్ని ఖర్చులూ కలిపితే పెట్టెకు నూట ఎనభై ఏడున్నర పడుతోందండి, నూట అరవైకి ఎలా ఇస్తామండీ?" అంటాడు. బేరం పోతుంది.

గుమాస్తా కూడికలో తప్పు లేదు. అయినా కొట్టుకు కొన్ని వేల రూపాయలు నష్టం జరిగింది. ఇది ఊహించి చెప్పిన కథే గాని, ఇటువంటి బేరాలు సరుకు ఏదైనా ప్రతి మార్కెట్టులోనూ పోతూనే ఉంటాయి. ఇందుకు కారణం ఖాతాల్లో పొరపాటు కాదు; ఒక ప్రశ్నకు జవాబిచ్చేందుకు ఏర్పడిన ఖాతాను మరొక ప్రశ్న అడగడం.

రాజమండ్రి నుంచి ధవళేశ్వరం ఆనకట్ట దాటి, బొబ్బర్లంక మీదుగా రావులపాలెం పోయే దారిలో ఆత్రేయపురం ఉన్నది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను పునర్విభజించినపుడు తూర్పు గోదావరి నుంచి విడివడి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో చేరింది. బోర్లించిన కుండను వేడి చేసి, పల్చని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను దానిపై ఒక్కసారి లాగి తీసే రేకు, ఆ రేకులో నెయ్యి, పంచదార లేక బెల్లం, జీడిపప్పు పెట్టి చుట్టిన పూతరేకు, ఈ ఊరి పేరును దేశమంతటా తీసుకుపోయినవి. 2023లో ఈ సరుకుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఇక్కడ కొందరు స్వయంగా తయారు చేసి అమ్ముతారు; కొందరు ఇళ్ళలో తయారైన సరుకును కొని, పెట్టెల్లో పెట్టి అమ్ముతారు. రెండవ రకం వారు పేరుకు మిఠాయి అంగడి వారైనా లెక్కకు వర్తకులే. కొన్న సరుకునే అమ్మేవారి లెక్క ఎలా ఉండాలన్నదే ఇక్కడి విషయం.

ఈ దిగువ అంకెలన్నీ లెక్క సులువుగా తెలియడానికి అనుకున్నవే. ఇవి మార్కెట్ ధరలు కావు. పది రేకుల పెట్టె ఒక్కటే సరుకు అనుకొని, ఒక నెలలో 4,000 పెట్టెలు అమ్మిన కొట్టును తీసుకుందాము.

పాత పద్ధతి

అందరికీ అలవాటైన వర్తకపు ఖాతా, లాభనష్టాల ఖాతా ఇలా ఉంటాయి.

అమ్మకాలు (4,000 పెట్టెలు, పెట్టె 200): రు. 8,00,000
తొలి నిల్వ (300 పెట్టెలు, పెట్టె 130): రు. 39,000
నెలలో కొనుగోళ్ళు (3,900 పెట్టెలు): రు. 5,07,000
ఆఖరు నిల్వ తీసివేత (200 పెట్టెలు): రు. 26,000
అమ్మిన సరుకు ఖరీదు: రు. 5,20,000
స్థూల లాభం: రు. 2,80,000

అమ్మకపు ఖర్చులు: కమీషను 24,000, పెట్టెలు, కవర్లు 32,000, వ్యాను, పార్సిలు ఖర్చు 25,000, దారిలో తునిగిన సరుకుకు కొన్నవారికిచ్చిన తగ్గింపు 8,000, కొట్టులో పనివారి జీతాలు 48,000, రోడ్డు పక్క బోర్డులు, ప్రకటనలు 13,000. మొత్తం రు. 1,50,000

పాలనా ఖర్చులు: కొట్టు అద్దె 45,000, గుమాస్తా జీతం 15,000, దీపాలు, ఫోను, లైసెన్సులు, చిల్లర ఖర్చులు 20,000. మొత్తం రు. 80,000

నికర లాభం: రు. 50,000

ఈ ఖాతా ఖర్చులను అవి ఏ పనికి అయినవో చూసి విడదీస్తుంది. సరుకు కొనడానికి ఇంత, అమ్మడానికి ఇంత, కొట్టు నడపడానికి ఇంత అని చెబుతుంది. బ్యాంకు వారు అప్పు ఇచ్చేముందు చూసేది దీన్నే. ఆదాయపు పన్నుకు, భాగస్వాముల పంపకానికి కూడా ఇదే ఆధారం. స్థూల లాభం నూటికి 35 ఉన్నదా, పోయిన ఏటికన్నా తగ్గిందా అన్నది దీనిలో వెంటనే కనబడుతుంది. కొనుగోలు ధర పెరిగినా, సరుకు దొంగతనంగా పోయినా, మొదట తెలిసేది స్థూల లాభం శాతంలోనే. అందువలన ఈ ఖాతాను తక్కువ చేసి మాట్లాడనవసరం లేదు.

కాని దీనిలో 25,000 వ్యాను ఖర్చు పక్కనే 48,000 జీతాలు ఉన్నవి. పెట్టెలు పెరిగితే మొదటిది పెరుగుతుంది, రెండవది పెరగదు. రెండూ అమ్మకపు ఖర్చులే కనుక ఒకే గూటిలో పడినవి. రేపు అమ్మకం పెరిగితే ఏమౌతుంది, తగ్గితే ఏమౌతుంది అన్న ప్రశ్నకు ఈ ఖాతాలో జవాబు లేకపోవడానికి కారణం ఇదే.

రెండవ పద్ధతి

కాంట్రిబ్యూషన్ పద్ధతిలో అవే అంకెలను మరొక రకంగా పేరుస్తారు. ఖర్చు ఏ పనికి అయినదని అడగరు. ఇంకొక పెట్టె అమ్మితే పెరిగేదా, పెరగనిదా అని మాత్రమే అడుగుతారు. పెరిగేవి చర వ్యయాలు, పెరగనివి స్థిర వ్యయాలు. అమ్మకపు సొమ్ములో చర వ్యయాలు పోగా మిగిలేదే కాంట్రిబ్యూషన్. స్థిర వ్యయాలు తీర్చడానికి, అవి తీరిన తరువాత లాభం కావడానికి ప్రతి పెట్టె తన వంతుగా ఇచ్చే సొమ్ము అన్నమాట.

అమ్మకాలు: రు. 8,00,000 (పెట్టెకు 200)

చర వ్యయాలు
అమ్మిన సరుకు ఖరీదు: రు. 5,20,000 (పెట్టెకు 130)
కమీషను: రు. 24,000 (పెట్టెకు 6)
పెట్టెలు, కవర్లు: రు. 32,000 (పెట్టెకు 8)
వ్యాను, పార్సిలులో చర భాగం: రు. 16,000 (పెట్టెకు 4)
తునిగిన సరుకు తగ్గింపు: రు. 8,000 (పెట్టెకు 2)
మొత్తం: రు. 6,00,000 (పెట్టెకు 150)

కాంట్రిబ్యూషన్: రు. 2,00,000 (పెట్టెకు 50, నూటికి 25)

స్థిర వ్యయాలు
పనివారి జీతాలు 48,000, వ్యాను స్థిర భాగం 9,000, బోర్డులు 13,000, అద్దె 45,000, గుమాస్తా 15,000, తక్కినవి 20,000
మొత్తం: రు. 1,50,000

నికర లాభం: రు. 50,000

అడుగున పడిన అంకె మారలేదు. వర్తకునికి ఇది ఎప్పుడూ మారదు. అతని నిల్వలో ఉన్న సరుకు విలువ కొన్న ధర, దిగుమతి ఖర్చు మాత్రమే. అందులో కొట్టు అద్దె గాని, గుమాస్తా జీతం గాని కలవవు. అందుచేత ఏ పద్ధతిలో వేసినా ఆఖరు నిల్వ ఒక్కటే, లాభం ఒక్కటే. రెండవ ఖాతా వేస్తే లాభం ఎక్కువగా కనబడుతుందనో, పన్ను తగ్గుతుందనో ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు.

పోయిన బేరం

ఇప్పుడు హైదరాబాదు బేరాన్ని ఈ ఖాతాతో చూడాలి. కొనేవాడు నేరుగా వచ్చాడు, కమీషను 6 లేదు. తన బండిలో తీసుకుపోతాడు, వ్యాను ఖర్చు 4 లేదు. సరుకు ఖరీదు 130, పెట్టె, కవరు 8, తునకల తగ్గింపు 2, మొత్తం 140. ధర 160. పెట్టెకు 20 చొప్పున వెయ్యి పెట్టెలకు 20,000 మిగులు. అద్దె, జీతాలు పోయిన నెల ఎంతో ఈ నెలా అంతే. నికర లాభం 50,000 నుంచి 70,000 అయి ఉండేది.

మరి గుమాస్తా చెప్పిన 187.50 ఎక్కడనుంచి వచ్చింది? మొత్తం ఖర్చు 7,50,000ను 4,000తో భాగించగా వచ్చినది. అదే బేరం ఒప్పుకొని ఉంటే మొత్తం ఖర్చు 8,90,000, పెట్టెలు 5,000. సగటు 178కి దిగేది. అంటే 187.50 పెట్టెకు అంటి ఉన్న ఖరీదు కాదు. ఆ నెల ఎన్ని పెట్టెలు అమ్మారన్నదానిపై ఆధారపడి మారే అంకె అది. మారే అంకెను మారని ఖరీదుగా పట్టుకుని బేరం వదులుకోవడమే ఇక్కడ జరిగింది.

ఇందుకు పూర్తిగా తిరగబడిన సందర్భం కూడా ఉన్నది, అది మరింత ప్రమాదకరం. విశాఖపట్నం కొట్టువారు పెట్టెకు 155 ఇస్తామన్నారనుకోండి. బేరం కుదిర్చినవానికి 6 కమీషను, సరుకు వారి కొట్టు గుమ్మంలో దింపడానికి 12. పాత ఖాతా చూసే షావుకారుకు ఇందులో 155 పోను 130, పెట్టెకు 25 స్థూల లాభం కనబడుతుంది. వెయ్యి పెట్టెలకు 25,000 అని సంతోషించి ఒప్పుకుంటాడు. చర వ్యయాలు మొత్తం కూడితే 130, 6, 8, 12, 2 కలిసి 158. పెట్టెకు మూడు రూపాయలు చేతినుంచి పోతున్నవి. ఎన్ని ఎక్కువ పెట్టెలు పంపితే అంత ఎక్కువ నష్టం. పైగా నెలాఖరున స్థూల లాభం పెరిగినట్టే కనబడుతుంది. నష్టం అమ్మకపు ఖర్చుల గూటిలో కలిసిపోయి ఎవరికీ పట్టుబడదు. ఒకే ఖాతాను ఆధారం చేసుకుని మంచి బేరాన్ని వదిలి చెడ్డ బేరాన్ని పట్టుకునే వీలున్నదని ఈ రెండు ఉదాహరణలు చూపుతున్నవి.

అయితే 160 రూపాయల బేరానికి కూడా కొన్ని షరతులున్నవి. వాటిని చూడకుండా కాంట్రిబ్యూషన్ ఉన్నది గదా అని తల ఊపేవారికి వేరే నష్టాలు కాచుకుని ఉంటాయి.

మొదటిది, సరుకు దొరకడం. రేకు తీయడం చేతిపని. తీసేవారు ఆ చుట్టుపక్కల ఇళ్ళలోని ఆడవారు. ఆషాఢంలో అదనంగా వెయ్యి పెట్టెలు అడిగితే పాత ధరకు దొరకవచ్చు. సంక్రాంతి ముందు వారంలో దొరకవు. అప్పుడు వెయ్యి పెట్టెలు హైదరాబాదు పంపితే, చిల్లర కొనేవారికి ఇవ్వవలసిన వెయ్యి పెట్టెలు తగ్గుతాయి. 20 సంపాదించడానికి 50 వదులుకున్నట్టు. అదే కొట్టు, అదే వర్తకుడు, అదే ధర; ఆషాఢంలో 20,000 లాభమైన బేరం పుష్యమాసంలో 30,000 నష్టం.

రెండవది, ధర బయటికి పొక్కడం. పాత ఖాతాదారులు ఈ సంగతి విని తమకూ తగ్గించమంటారు. 4,000 పెట్టెలకు ఐదేసి రూపాయలు తగ్గిస్తే చాలు, 20,000 పోతుంది. బేరం లాభం అక్కడికి సరి. ఆరు తగ్గిస్తే ఎదురు నష్టం. వేరే పెట్టె, వేరే పేరు వాడి ఇటువంటి అమ్మకాలు సాగించేవారు ఇందుకే అలా చేస్తారు.

మూడవది అరువు. రెండు నెలల వాయిదా అయితే, సరుకుపై పెట్టిన 1,40,000కు నూటికి రూపాయిన్నర వడ్డీ లెక్కన 4,200 అవుతుంది. 20,000 కాస్తా 15,800. సొమ్ము రాకుండా పోయే భయం ఈ లెక్కలో లేదు. వెయ్యి పెట్టెల సొమ్ము మునిగితే, చేతినుంచి పెట్టిన 1,40,000 తిరిగి సంపాదించడానికి చిల్లరలో 2,800 పెట్టెలు అదనంగా అమ్మవలసి ఉంటుంది. కొత్త పార్టీకి తక్కువ ధర, ఎక్కువ అరువు రెండూ కలిపి ఇవ్వడం వర్తకంలో ఏనాడూ తెలివి అనిపించుకోలేదు.

చివరిగా, స్థిర వ్యయాలు ఎంతవరకు స్థిరం అన్న ప్రశ్న. ఉన్న పనివారితో 5,000 పెట్టెలు కట్టగలిగితే సరే. ఆ పైన మరొక మనిషిని పెట్టవలసి వస్తే 12,000 జీతం ఈ బేరం నెత్తిన పడుతుంది. స్థిర వ్యయం మెట్ల వంటిది. ఒక మెట్టుపై నిలిచి ఉన్నంతసేపే చదును.

అమ్మకం పది శాతం తగ్గితే

అమ్మకాలు నూటికి పది తగ్గితే లాభం నూటికి ఎంత తగ్గుతుందని అడిగితే, చాలామంది పది అనే చెబుతారు. 50,000లో పది శాతం 5,000, కాబట్టి 45,000 మిగులుతుందని వారి అంచనా. లెక్క వేస్తే 3,600 పెట్టెలకు యాభై చొప్పున 1,80,000 కాంట్రిబ్యూషన్. అందులో స్థిర వ్యయాలు 1,50,000 పోను మిగిలేది 30,000. లాభం నూటికి నలభై పడిపోయింది. కాంట్రిబ్యూషన్‌ను నికర లాభంతో భాగిస్తే (2,00,000ను 50,000తో) వచ్చే 4 అనే అంకె ఈ సంగతినే చెబుతుంది. అమ్మకం ఒక పాలు కదిలితే లాభం నాలుగు పాళ్ళు కదులుతుంది, పైకైనా కిందికైనా. మంచి నెలల్లో పది శాతం అమ్మకం పెరిగి లాభం 70,000 అయినపుడు షావుకారు తన తెలివి అనుకుంటాడు. చెడ్డ నెలలో 30,000 అయినపుడు పనివారిని తప్పు పడతాడు. రెండు నెలల్లోనూ పని చేసినది అద్దె, జీతాల బరువే.

లాభమూ నష్టమూ లేని స్థానం కూడా ఇక్కడే తెలుస్తుంది. 1,50,000ను 50తో భాగిస్తే 3,000 పెట్టెలు, లేదా 6,00,000 అమ్మకం. నెలలో మూడువేల పెట్టె అమ్మేవరకు కొట్టు అద్దెకు, జీతాలకు పని చేస్తుంది; ఆ తరువాతి ప్రతి పెట్టె 50 రూపాయలు షావుకారుకు ఇస్తుంది. రోజువారీ అమ్మకం వ్రాసుకునే చిట్టాలో ఈ అంకె ఒక మూల వేసి ఉంచితే, ఇరవయ్యో తారీకుకే నెల ఎటు పోతున్నదో తెలిసిపోతుంది. పాత ఖాతా అయితే నెల పూర్తయి, నిల్వ లెక్కించి, ఖాతా కట్టేవరకు ఆగవలసిందే.

ఖర్చును రెండుగా చీల్చడం

ఈ పద్ధతిలో అసలు కష్టం అంతా ఖర్చులను విడదీయడంలోనే ఉన్నది. సరుకు ఖరీదు, కమీషను, హమాలీ తేలిక. అద్దె తేలిక. మధ్యలో ఉన్నవే చిక్కు. కరెంటు బిల్లులో కొంత స్థిర చార్జీ, కొంత యూనిట్ల లెక్క. వ్యానుకు డ్రైవరు జీతం, ఇన్సూరెన్సు బండి కదలకపోయినా తప్పవు. డీజిలు మాత్రం తిరిగినంత.

వీటికి పెద్ద చదువు అక్కరలేని ఉపాయం ఒకటి ఉన్నది. ఏడాదిలో అన్నిటికన్నా ఎక్కువ అమ్మిన నెలను, తక్కువ అమ్మిన నెలను తీసుకోవాలి. ఉదాహరణ కొట్టులో 4,500 పెట్టెలు అమ్మిన నెల వ్యాను, పార్సిలు ఖర్చు 27,000. 2,500 పెట్టెల నెలలో 19,000. రెండువేల పెట్టెల తేడాకు ఎనిమిది వేల తేడా. అంటే పెట్టెకు 4. చిన్న నెలలో 2,500 పెట్టెలకు నాలుగు చొప్పున 10,000 పోగా మిగిలిన 9,000 స్థిర భాగం. పైన ఖాతాలో 25,000ను 16,000, 9,000గా విడదీసినది ఈ విధంగానే. వ్యాను మరమ్మతుకు వచ్చి పెద్ద ఖర్చయిన నెల వంటిది ఎంచుకుంటే మాత్రం లెక్క తప్పుతుంది. అటువంటి నెలలు వదిలి, మామూలుగా నడిచిన నెలలే తీసుకోవాలి.

పనివారి జీతం పేరు చూసి తొందరపడరాదు. నెల జీతమైతే స్థిరం. పెట్టెల లెక్కన కూలి ఇస్తే చరం. ఒకే పని, ఒకే మనిషి, ఒప్పందాన్ని బట్టి గూడు మారుతుంది. సొంత కొట్టు ఉన్నవారు అద్దె వేయకపోవడం, ఇంట్లోవారంతా పని చేస్తున్నా జీతం వ్రాయకపోవడం కూడా మామూలే. దానివలన లాభం ఉన్నట్టు కనబడే కొట్లు కొన్ని, వాటిని కూడా వ్రాస్తే, కొట్టును అద్దెకిచ్చి ఊరుకోవడం మేలనిపించేవిగా తేలుతాయి.

తాండ్ర బీరువా

మామిడి తాండ్ర కూడా ఈ ప్రాంతపు సరుకే. అదే కొట్టులో ఒక పక్క బీరువా పెట్టి తాండ్ర అమ్ముతున్నారనుకుందాము. నెలకు అమ్మకం 1,00,000. సరుకు ఖరీదు, కమీషను, కవర్లు కలిపి 80,000. గుమాస్తా కొట్టులో అది ఆక్రమించిన చోటును కొలిచి, స్థిర వ్యయాల్లో 25,000 దాని వాటాగా వేశాడు. తాండ్ర ఖాతాలో 5,000 నష్టం తేలింది. తీసివేయడమే మంచిదనిపిస్తుంది.

తీసివేస్తే 25,000 అద్దె, జీతాల వాటా ఎక్కడికీ పోదు. పూతరేకుల నెత్తిన పడుతుంది. పోయేది తాండ్ర ఇస్తున్న 20,000 కాంట్రిబ్యూషన్ మాత్రమే. ఆ చోటులో 20,000 కన్నా ఎక్కువ మిగిల్చే వేరే సరుకు ఉంటే మార్చవచ్చు. ఆ గదిని ఖాళీ చేసి యజమానికి అప్పగిస్తే అద్దెలో 20,000 పైగా తగ్గుతుందంటే తీసివేయవచ్చు. రెండూ లేనపుడు, కాగితంపై నష్టం చూపుతున్న బీరువాయే కొట్టుకు అన్నం పెడుతున్నది.

తయారు చేసి అమ్మేవారికి

ఈ రెండు ఖాతాలూ ఒకే లాభం చూపుతాయన్న మాట కొని అమ్మేవారికే వర్తిస్తుంది. సొంతాన తయారు చేసేవారికి తేడా రావచ్చు. పాత పద్ధతిలో తయారీ షెడ్డు అద్దె, నెల జీతాలు కూడా సరుకు ఖరీదులో కలుస్తాయి. అమ్ముడుపోని సరుకుతో పాటు అవీ నిల్వలోకి పోతాయి. తయారీ పెంచి నిల్వ పేర్చుకుంటూ పోతే, అమ్మకం పెరగకపోయినా ఆ నెల లాభం పెరిగినట్టు కనబడుతుంది. అమెరికాలో ఒక రసాయనాల కంపెనీలో పనిచేసిన జోనథన్ హారిస్, 1936 జనవరిలో అక్కడి కాస్ట్ అకౌంటెంట్ల సంఘం బులెటిన్‌లో వ్రాసిన వ్యాసం ఈ చిక్కునే బయటపెట్టింది. అమ్మకాలు పెరిగిన నెలలో లాభం తగ్గిందేమని ప్రశ్నించి, స్థిర వ్యయాలను నిల్వలోకి పోనీయరాదని ఆయన వాదించాడు. కాంట్రిబ్యూషన్ ఖాతా వాడుకలోకి రావడానికి తోడ్పడిన వ్రాతల్లో అది ఒకటి.

పూతరేకులు నెలల తరబడి నిలవ ఉంచే సరుకు కాదు గనుక ఆత్రేయపురం తయారీదారులకు ఈ తేడా కొద్దిపాటిదే. బియ్యం మిల్లులకు, పప్పు మిల్లులకు మాత్రం పట్టించుకోదగినంత ఉంటుంది.

చట్టానికి చూపవలసిన లెక్కలు వేరు. కంపెనీగా నమోదైనవారు 2013 కంపెనీల చట్టం మూడవ షెడ్యూలు ప్రకారం కొనుగోళ్ళు, నిల్వల మార్పు, ఉద్యోగుల ఖర్చు, వడ్డీ, తరుగుదల అనే వరుసలోనే ఖాతా ఇవ్వాలి. అందులో చర, స్థిర విభజన లేదు. కాంట్రిబ్యూషన్ ఖాతా షావుకారు పెట్టెలో ఉండవలసినదే. బయటికి ఇచ్చేది కాదు. పెట్టెకు ఎంత మిగులుతుందో పోటీదారుకు, సరుకు ఇచ్చేవారికి తెలిసే కాగితం కనుక ఇవ్వకపోవడమే మంచిది.

పుష్కరాల స్టాలు

గోదావరి పుష్కరాలు 2015లో జులై 14 నుంచి 25 వరకు జరిగినవి. మళ్ళీ 2027లో వస్తాయి. పన్నెండు రోజుల కోసం రాజమండ్రిలో స్టాలు వేయాలా అన్న ఆలోచనకు పాత ఖాతా ఏ విధంగానూ సాయపడదు. ఆ స్టాలుకు నిరుటి లెక్క లేదు, స్థూల లాభం శాతం తెలిసినా చాలదు.

స్టాలు అద్దె 60,000, ఇద్దరు మనుషుల కూలి, బస 15,000 అనుకుంటే మొత్తం 75,000. నెల అద్దె వలె ఇది ఎప్పుడూ ఉండే ఖర్చు కాదు గాని, డబ్బు కట్టిన తరువాత ఆ పన్నెండు రోజులకు స్థిరమే. పెట్టెకు 50 మిగిలితే 1,500 పెట్టెలు అమ్మాలి, రోజుకు 125. కాని ఊళ్ళో అందరూ స్టాళ్ళు వేస్తారు, రేకులు తీసే చేతులు అవే. కొనుగోలు ధర 130 నుంచి 140కి పోయిందంటే మిగులు 40. అప్పుడు 1,875 పెట్టెలు, రోజుకు 157. ఆఖరు రోజు సాయంత్రానికి 200 పెట్టెలు అమ్ముడుపోక మిగిలి పారవేయవలసి వస్తే 28,000 నష్టం. దాన్ని పూడ్చడానికి మరో 700 పెట్టెలు. మొత్తం 2,575, రోజుకు 215 పెట్టెలు. పొద్దున్న ఆరు నుంచి రాత్రి పది వరకు స్టాలు తెరిచి ఉంచినా గంటకు పదమూడు పెట్టెలకు పైగా పోవాలి. వాన పడిన రోజు సంగతి ఇందులో చేర్చలేదు.